పిచ్చయ్య వారపు సూది

నిజాంపట్నం రేవులో పిచ్చయ్య పడవెక్కితే చుట్టూ కట్టిన పడవలన్నీ ఒకసారి లేచి కూర్చునేవని చెప్పుకునేవారు. అందులో సగం అబద్ధం. లేచేది పక్క పడవ ఒక్కటే. ఆ పడవలో వంట చేసుకునేవాళ్లు మాత్రం పిచ్చయ్య వస్తున్నాడని తెలియగానే కూరగిన్నె పొయ్యి మీంచి దించి, చేత్తో పట్టుకుని నిలబడేవాళ్లు.

మనిషి సరంగు. ఇంజను పడవ నడపడం, వల ఎక్కడ వెయ్యాలో చెప్పడం ఆయన పని. నీళ్ల రంగు చూసి అడుగున రొయ్య ఉందో లేదో చెప్పగలడు. ఆ రొయ్య ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా చెబుతానంటాడు గానీ, రొయ్యను అడిగి తేల్చుకున్నవాళ్లెవరూ లేరు. యాభై దాటిన వయసు, నాలుగేళ్ల నాటి షుగరు జబ్బు, నూట పాతిక కిలోల ఒళ్లు.

ఆ ఏడు వేట మొదలైన కొత్తలో నడిసముద్రంలో వల వెళ్లి పడవ అడుగున తిరిగే పంకాకు చుట్టుకుంది. ఎప్పటిలాగే పిచ్చయ్య కత్తి పళ్ల మధ్య పెట్టుకుని దూకాడు, వల కోశాడు, తేలాడు. అందాకా బాగానే ఉంది. పైకి ఎక్కడమే కుదరలేదు. పడవలో పనిచేసే ఇద్దరు కలాసీలు చెరో రెక్కా పట్టి లాగితే వాళ్లే నీళ్లలోకి వచ్చేటట్టున్నారు. చివరికి పడవలో రెండో మనిషి సీమోను ఆయన చంకల కింద తాడు కట్టి, వల లాగే మర తిప్పాడు. పిచ్చయ్య పెద్ద సొరచేపలా గాల్లో వేలాడాడు. తాడు ఛాతీకి బిగిసి ఊపిరాడక మొహం నీలంగా తిరిగింది. పడవలో పడుకోబెట్టాక చాలాసేపటికి గానీ మాట రాలేదు.

పడవ ఒడ్డు చేరిన గంటలో ఈ సంగతి రత్తాలు చెవిన పడింది. రత్తాలు ఆయన భార్య. రేపల్లె నుంచి రైల్లో చేపల గంపలు తెనాలి మార్కెట్టుకు తీసుకెళ్లి అమ్ముతుంది. గొంతు ఎత్తకుండా పోట్లాడగల మనిషి.

"నీళ్లలోంచి ఎవరి చెయ్యీ పట్టకుండా, తాడు పట్టకుండా, నీ అంతట నువ్వు పడవెక్కిన రోజు వేటకెళ్లు. అందాకా సీమోను నడుపుతాడు," అంది.

"సరంగు మీద సరంగువా నువ్వు? సముద్రంలో నా మాటే చెల్లుతుంది."

"సముద్రంలో నీ మాట. ఇప్పుడు నువ్వున్నది ఒడ్డున."

అలా పిచ్చయ్య ఒడ్డున పడ్డాడు. పొద్దున్నే రేవుకెళ్లి, పోయే పడవ వైపు చూసి, ఇంటికొచ్చి తినేవాడు. దిగులుకు తినేవాడు. దిగులు తగ్గిందన్న సంతోషానికి ఇంకాస్త తినేవాడు.

తెనాలిలో దేవకుమారి అనే డాక్టరు రత్తాలు దగ్గరే చేపలు కొనేది. ఒకరోజు కొర్రమీను తోముతూ రత్తాలు సంగతంతా చెప్పింది. "ఆయన్ని తీసుకురా రత్తాలూ, చూద్దాం," అంది ఆవిడ.

తెనాలి వెళ్లేటప్పుడు రైల్లో కిటికీ పక్క సీటు పిచ్చయ్యకే ఇచ్చారు. మర్యాదకి కాదు, అటు కూర్చుంటేనే నడవలో దారి ఉంటుందని. వేమూరు దగ్గర ఆయన ఇటు పక్కకు మారితే రైలు పట్టాలు ఒకసారి సర్దుకున్నాయని తర్వాత ఆయనే చెప్పేవాడు.

డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసింది. ఇంట్లో ఎవరికైనా గొంతు దగ్గర థైరాయిడ్ క్యాన్సరు వచ్చిందా, ఆయనకెప్పుడైనా క్లోమం వాచిందా అని అడిగింది.

"మా వంశంలో జబ్బులు లేవండి. మా తాత తొంభై ఏళ్లప్పుడు తాటిచెట్టు ఎక్కి, దిగడం మర్చిపోయి అక్కడే వారం ఉన్నాడు."

"మీకు షుగరుందిగా."

"అది మా ఆవిడ తరఫు నుంచి వచ్చిందండి."

రత్తాలు ఆయన వైపు చూడలేదు. డాక్టరమ్మ నవ్వి, పెన్నులాంటి ఇంజెక్షను బల్ల మీద పెట్టింది. "వారానికోసారి పొట్ట మీద మీరే వేసుకోవచ్చు. మొదటి నెల మందు చాలా తక్కువ, ఒంటికి అలవాటు చెయ్యడానికే. తగ్గలేదని తిట్టుకోకండి. తర్వాత మెల్లగా పెంచుతాం. పెంచినప్పుడల్లా కొన్నాళ్లు కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం చేస్తుంది. కడుపులో భరించలేని నొప్పి వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి రండి."

"ఎన్నాళ్లకు సన్నబడతానండి?"

"ఏడాది పైమాటే. దిగి దిగి ఒకచోట ఆగుతుంది. ఆగితే మందు చెడిపోయిందని కాదు. ఇంకొకటి, తగ్గేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా పోతుంది. గుడ్డూ చేపా పప్పూ మానకండి. చేతులకు పని చెప్పండి."

"బాగయ్యాక మానెయ్యొచ్చా?"

"మానేస్తే ఆకలి తిరిగొస్తుంది. చాలామందికి బరువూ తిరిగొస్తుంది. బీపీ మాత్రలాంటిదే అనుకోండి, ఇది చాలాకాలం మీతో ఉండే మందు."

ఇన్ని మాటల్లో పిచ్చయ్య చెవికి ఎక్కింది 'తగ్గుతుంది' అన్న మాటొక్కటే.

ప్రతి శుక్రవారం సూది. మొదటి నెల ఏమీ కాలేదు. టీ కొట్టు దగ్గర జనం ఆయన పొట్ట వైపు చూసి పెదవి విరిచేవారు. రెండో నెల మోతాదు పెరిగాక మాత్రం మందు తన పేరు చెప్పుకుంది. చేపల వాసన తగిలితే చాలు, పిచ్చయ్య ముక్కు మూసుకుని పరిగెత్తేవాడు. పుట్టిన దగ్గర్నుంచి చేపల మధ్య బతికినవాడు చేపల బుట్ట చూసి పారిపోతుంటే ఊళ్లో పిల్లులు కూడా వింతగా చూసేవి.

సరిగ్గా అప్పుడే బాపట్ల నుంచి పిలుపొచ్చింది. కూతురు భవాని అత్తగారిల్లు అక్కడే, సూర్యలంక తోవలో. మనవరాలు హరిచందనకు చెవులు కుట్టిస్తున్నారు. వియ్యపురాలు రంగమ్మ భర్త పోయాక కొడుకు నాగార్జునను పక్కన పెట్టుకుని, సముద్రం ఒడ్డున అలివి వల వేయిస్తోంది. పొడవాటి వలను నీళ్లలో చుట్టూ తిప్పి, రెండు కొసలూ ఒడ్డు నుంచి పదిమంది లాగే పద్ధతి అది. ఆవిడింట్లో భోంచేసినవాళ్లు ఎవరి సాయమూ లేకుండా లేస్తే ఆవిడకు నామోషీ.

సూది సంగతి వియ్యాలవారికి చెప్పడానికి పిచ్చయ్యకు సిగ్గేసింది. విస్తరి ముందు కూర్చుని నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయింది.

"అదేంటి అన్నయ్య గారూ, మా వంట నచ్చలేదా?"

"నిండిపోయింది చెల్లెమ్మా."

"మీ కడుపు మాకు తెలీదా అండి. పోయినసారి పీతల కూర గిన్నెతో సహా వచ్చేసింది మీ విస్తట్లోకి." అంటూ ఆవిడ పీతలు వేసింది, దాని మీద రొయ్యల వేపుడు వేసింది, వద్దన్న చెయ్యి తప్పించి నెయ్యి పోసింది. మొహమాటానికి పిచ్చయ్య అంతా తిన్నాడు. చెవులు కుట్టే వేళకు పిల్ల ఏడుపు కంటే పెరట్లోంచి తాతగారి వాంతుల చప్పుడే పెద్దగా వినబడింది. రంగమ్మ మొహం మాడిపోయింది. వంటలో ఏదో కలిసిందని చుట్టాల్లో గుసగుస మొదలైంది.

మర్నాడు ఇంటికొచ్చాక రత్తాలే ఫోను చేసి వియ్యపురాలికి ఉన్నదంతా చెప్పింది. అంతా విని రంగమ్మ గొంతు తగ్గించి, "వదినా, ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగింది.

కడుపులో తిప్పడం మెల్లగా సర్దుకుంది. కార్తీకానికి పిచ్చయ్య వంగి కాలివేళ్లు చూసుకున్నాడు. ఇన్నేళ్లూ అవి అక్కడే ఉన్నందుకు సంతోషించాడు. షుగరు దిగింది. రాత్రి గురక ఆగిపోయి, పక్కింటివాళ్లు ఏమైందోనని తలుపు కొట్టారు.

ఆ తర్వాత గాలివాన వచ్చింది. తీగలు తెగి ఊళ్లో కరెంటు పోయింది. రత్తాలు తెనాలిలో ఇరుక్కుపోయింది. సూది మందు ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టే అరలో మాత్రం వద్దని డాక్టరమ్మ చెప్పింది. చీకటి ఫ్రిజ్ తలుపు తెరిచి చూసి పిచ్చయ్య ఆలోచించాడు. జీవితమంతా ఐసుతో కాపురం చేసినవాడు ఆయన. ఆయన పెట్టెలో సర్దిన పండుగప్ప చేప వారం తర్వాత కూడా మార్కెట్టులో కన్ను మెరిపించి చూస్తుంది. అలాంటివాడికి చల్లదనం ఒకరు నేర్పాలా? కొత్తగా తెచ్చిన పెన్నులన్నీ పడవ మీంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టెలో పెట్టాడు. కింద ఐసు పొడి, పైన ఐసు పొడి, ఐసు చలి పెరగాలని గుప్పెళ్లతో రాతి ఉప్పు, మూత మీద తడి గోనె. కరెంటు వచ్చాక కూడా ఆ ఏర్పాటే ముద్దొచ్చి అలాగే ఉంచేశాడు.

శుక్రవారం శుక్రవారం పెన్ను తీసి, చేతుల మధ్య కరగబెట్టి, పొడుచుకునేవాడు. ఆకలి మాత్రం తిరిగొచ్చింది. ముందు మెల్లగా కిటికీలోంచి తొంగిచూసింది, తర్వాత చుట్టాలతో సహా దిగింది. పిచ్చయ్య భయపడ్డాడు. తన ఒంటి మీద ఈ మందు పని ఇంతటితో సరి అనుకున్నాడు. ఇక పడవ లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ మాట నిజమైపోతుందని భయం. సంక్రాంతి వెళ్లాక లుంగీ ముడి అందకపోవడం చూసి రత్తాలే తెనాలి లాక్కెళ్లింది.

"వారం తప్పారా?" అంది డాక్టరమ్మ.

"ఒక్కటీ తప్పలేదండి."

"మందు ఎక్కడ పెడుతున్నారు?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు పిచ్చయ్య పెట్టె గురించి, ఐసు గురించి, గోనె గురించి చేతులు తిప్పుతూ చెప్పాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"ఉప్పు కూడా వేశారా?"

"వెయ్యకపోతే నిలవుంటుందాండి? పండుగప్పకైనా అంతే కదా."

"పండుగప్పను చచ్చాక పెడతారు పెట్టెలో. మందు బతికుండాలి పిచ్చయ్య గారూ. ఒకసారి గడ్డకడితే కరిగించినా పనికిరాదు. ఇన్ని వారాలూ మీరు పొడుచుకున్నది వట్టి సూదే."

పిచ్చయ్యకు సిగ్గు వెయ్యాల్సిన చోట ఊపిరి తిరిగింది. "అయితే మందు పనిచెయ్యక కాదా?"

"మందుదీ తప్పు కాదు, మీ ఒంటిదీ కాదు. కాకపోతే మళ్లీ మొదటి మోతాదు నుంచి రావాలి. ఇన్నాళ్లు అందని ఒంటికి ఒక్కసారే పెద్ద మోతాదు ఇస్తే మంచం దిగలేరు."

తిరుగు రైల్లో రత్తాలు భట్టిప్రోలు దాకా కిటికీలోంచి బయటికే చూసింది. అక్కడ ఎందుకో భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పిచ్చయ్య వంగి చూశాడు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "ఉప్పు," అంది, మళ్లీ నవ్వింది. రేపల్లె దాకా అదే నవ్వు.

మళ్లీ మొదలు. మళ్లీ తిప్పుడు, మళ్లీ సర్దుబాటు. ఈసారి పెన్నులు గుడ్ల పక్కన, రత్తాలు కాపలాలో. ఎండలు ముదిరి వేట నిషేధం వచ్చి పడవలు కట్టేసేనాటికి ఆయన ఒంట్లోంచి ఒక బడిపిల్లాడంత బరువు దిగిపోయింది. పాత చొక్కా వేసుకుంటే, గాలి వీచినప్పుడు అందులో ఇంకొకరున్నట్టు కదిలేది. ఆకలి లేకపోవడమే గొప్పగా అనిపించి, పూటకింత మజ్జిగన్నం తాగి లేచేవాడు. గుడ్డు పెడితే కుక్కకు, చేప పెడితే పిల్లికి. ఆ వేసవి ఇంటి కుక్కా పిల్లీ కండలు తిరిగాయి.

నిషేధం ముగిసి పడవలు కదిలే పొద్దున పిచ్చయ్య అందరి ముందూ చొక్కా విప్పాడు. "సీమోనూ, ఇవాళ నువ్వు పక్కకు కూర్చో," అని రేవు నీళ్లలోకి దూకాడు.

రత్తాలు అంతకు ముందే, కాలు మోపి ఎక్కడానికి వీల్లేకుండా, పడవ పక్కన వేలాడే లారీ టైర్లన్నీ తీయించేసింది. ఒడ్డున నిలబడి చూస్తోంది.

పిచ్చయ్య పడవ అంచు పట్టుకుని లేచాడు. ఛాతీ దాకా వచ్చి జారాడు. రెండోసారి భుజాల దాకా. మూడోసారి చేతులు మాట వినలేదు, తాడు తెగిన వలలా వదులైపోయాయి. సీమోను అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు ఒక తాడు కొస నీళ్లలోకి జారవిడిచాడు.

"సీమోనూ, ఆ తాడు పైకి తియ్యి," అంది రత్తాలు.

"పాపం బాబాయ్ అలిసిపోయాడు పిన్నీ."

"నడిసముద్రంలో అలిసిపోతే? ఆ రోజు ఆ నీలం మొహం చూసింది మీరు. నేను చూళ్లేదు. చూడని దాన్ని గనక రోజూ చూస్తున్నా."

ఆ మాటకు ఒడ్డున నవ్వేవాళ్లు ఆగిపోయారు. పిచ్చయ్య రేవు మెట్ల వైపు ఈదుకుంటూ వెళ్లి ఎక్కాడు. పడవ ఆయన లేకుండానే వెళ్లిపోయింది.

తెనాలిలో డాక్టరమ్మ ఆయన రెండు చేతులూ పట్టి, పిడికిలి బిగించమంది. "నేను మొదటిరోజే చెప్పాను, మీరు బరువు మాటొక్కటే విన్నారు. కండను ఇంట్లో జంతువులకు పెట్టేశారు. అయిందేదో అయింది. కండ తిరిగొస్తుంది, తిని పని చేస్తే."

"ఏం పని చెయ్యమంటారండి?"

"లాగే పని. మీకు తెలిసిందేదైనా."

తెలిసింది ఒకటుంది. అది సరంగులు చేసే పని కాదు. ఇంజను పడవ నడిపినవాడు ఒడ్డున అలివి వల తాడు పట్టుకోవడమంటే, బస్సు డ్రైవరు వెనక నిలబడి బస్సు తొయ్యడంలాంటిది. అందులోనూ ఆ వల వియ్యపురాలిది. పిచ్చయ్య ఒక రాత్రంతా దొర్లాడు. పొద్దున లేచి సంచీ సర్దాడు. అడుగున నీళ్లసీసా, దాని మీద చుట్టిన తడిగుడ్డలో సూది పెన్ను.

"ఎక్కడికి?" అంది రత్తాలు.

"బాపట్ల. రంగమ్మ గారింటికి. మనవరాల్ని చూసి చాలా రోజులైంది."

రత్తాలు మొగుడి మొహం చూసింది. పెన్ను వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టమని మాత్రం కోడలికి చెప్పినట్టు చెప్పింది.

సూర్యలంక ఒడ్డున తెల్లవారకముందే తాడు చివర నిలబడ్డ పిచ్చయ్యను చూసి లాగేవాళ్లు గొంతు సవరించుకున్నారు.

"సరంగు గారు దారి తప్పొచ్చారా అండి?"

"మీ వలలో చేప పడట్లేదని సముద్రం నాకు ఫిర్యాదు చేసింది. చూసి పోదామని వచ్చా."

మొదటి వారం అరచేతులు పొక్కి పగిలాయి. రెండో వారం భుజాలు తన భుజాలు కావనిపించింది. రంగమ్మ వడ్డన మాత్రం మారిపోయింది. తనూ ఆ మధ్య తెనాలి వెళ్లొచ్చింది. ఆవిడకు సూది అక్కర్లేదని, నడిస్తే చాలని డాక్టరమ్మ తేల్చేసింది. ఇప్పుడు విస్తట్లో చారెడు అన్నం, దాని చుట్టూ చేప ముక్కలు, పప్పు, గుడ్డు. "ముందు చేప తినండి అన్నయ్య గారూ, చోటు మిగిలితే అన్నం," అనేది. పెట్టింది తినకుండా లేస్తే ఊరుకునేది కాదు. పిల్లికి వేద్దామన్నా ఆవిడ చూపు ముందు పిల్లి కూడా ముట్టుకునేది కాదు.

వర్షాలు వెళ్లాయి. తాడు చివర్నుంచి పిచ్చయ్య మెల్లగా ముందుకొచ్చాడు, అసలు బరువు పడేది అక్కడే. దీపావళి నాటికి బరువు దిగడం ఆగింది. వారం చూశాడు, నెల చూశాడు, కాటా ముల్లు కదల్లేదు. పాత భయం మళ్లీ వచ్చింది. ఈసారి లోపల దాచుకోలేదు. ఆ పూటే ఫోను చేశాడు.

"ఆగుతుందని చెప్పానుగా," అంది డాక్టరమ్మ. "చొక్కా ఎలా ఉంది?"

"నడుము దగ్గర వదులండి. భుజాల దగ్గర బిగిసింది."

"షుగరు?"

"మీరు రాసిన మాత్ర సగం చేశారు కదండి, అయినా బానే ఉంది."

"ఇంకేం కావాలి మీకు?"

"పడవ కావాలండి," అన్నాడు పిచ్చయ్య.

"అది నేనివ్వలేను. రత్తాలుని అడగండి."

మాఘమాసంలో ఒక పొద్దున నిజాంపట్నం రేవుకు వచ్చాడు. ఈసారి ఎవరికీ చెప్పలేదు. పడవ వేటకు సిద్ధంగా ఉంది. సీమోను ఇంజను చూస్తున్నాడు. రత్తాలు గంపలు కడుగుతోంది. పిచ్చయ్య చొక్కా తీసి మడత పెట్టి ఆమె పక్కన పెట్టాడు. ఆమె లేచి వెళ్లి, పడవకున్న టైర్లు ఒక్కొక్కటే తానే ఊడదీసింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. పిచ్చయ్య మునిగి, పడవ అడుగుదాకా వెళ్లి, పంకా చేత్తో తాకి పైకొచ్చాడు. అంచు పట్టుకున్నాడు. సూర్యలంక తాడును పట్టుకున్నట్టే పట్టుకుని, ముందు భుజాలతో, తర్వాత వీపుతో లాగాడు. ఛాతీ వచ్చింది. పొట్ట అంచు మీద ఆగింది. అక్కడ మునుపటి పొట్టయితే ఆయన్ని వెనక్కి దొర్లించేసేది. ఇప్పుడది అంచు దాటింది. మోకాలు గీసుకుని నెత్తురొచ్చింది, రెండో కాలు వెనకే వచ్చింది. పడవలో వెల్లకిలా పడి, రొప్పుతూ ఆకాశం వైపు చూశాడు. పడవ అసలు ఊగనే లేదని సీమోను తర్వాత జనానికి చెప్పాడు. కొంచెం ఊగింది.

"ఎక్కేశావు బాబాయ్," అన్నాడు సీమోను మెల్లగా. ఇంజను దగ్గర్నుంచి లేచి, తన తువ్వాలు తీసుకుని పక్కకు జరిగాడు.

పిచ్చయ్య లేచి కూర్చుని ఒడ్డు వైపు చూశాడు. రత్తాలు రెండు చేతుల్తో కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి. గొంతు మాత్రం ఎప్పటిదే.

"ఒకసారి ఎక్కించింది నీ చేతులో, కెరటమో నాకు తెలీదు. దిగి మళ్లీ ఎక్కు."

కలాసీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిచ్చయ్య మోకాలి నెత్తురు అరచేత్తో తుడుచుకుని, లుంగీ బిగించి, మళ్లీ నీళ్లలోకి దూకాడు.